పిల్లర్‌లో మిగిలిన గాలి

గిద్దలూరు చుట్టుపక్కల ఇల్లు కట్టుకునే వాళ్లెవరైనా సరే, స్లాబ్‌కి రోజు కుదిరాక మేస్త్రిని అడిగే మొదటి మాట ఒకటే: "గురుస్వామి వస్తాడా?" సిమెంటు ఏ కంపెనీదో తర్వాత అడుగుతారు. ఇసుక ఎక్కడిదో అసలు అడగరు. గురుస్వామి వస్తాడంటే చాలు, గుండె మీద చెయ్యేసుకుని పడుకుంటారు. ఇంతకీ ఆ మహానుభావుడు చేసే ఘనకార్యం ఏమిటయ్యా అంటే, వైబ్రేటర్ పట్టుకోవడం.

అదేం పెద్ద పని అని మూతి విరవకండి. కాంక్రీటు అంటే కంకర, ఇసుక, సిమెంటు, నీళ్లు కలిపిన ముద్ద. కలిపే మిషన్, అదే మిల్లర్‌లో గిరగిరా తిరిగేటప్పుడే దాని కడుపులోకి బోలెడు గాలి పోతుంది. ఆ గాలి లోపలే ఉండగా ముద్ద గట్టిపడిందా, ఇక అంతే సంగతులు. పైకి బండరాయిలా కనిపిస్తుంది, లోపలంతా బొక్కలు. ఆ గాలిని తరిమేదే వైబ్రేటర్. ఇంజను తిరుగుతుంటే పొడుగాటి గొట్టం చివరనున్న ఇనప సూది వణుకుతుంది. ఆ వణుకు అలలు అలలుగా ముద్దలోకి పాకుతుంది. అంతసేపూ మొండికేసుకుని కూర్చున్న కంకర ఉన్నట్టుండి జావలా జారుతుంది, బుడగలు బుడబుడమంటూ పైకొచ్చి పగిలిపోతాయి. అవి ఆగాక సూదిని నింపాదిగా పైకి లాగాలి. తొందరపడితే గాలి మిగులుతుంది.

స్లాబ్ మీదయితే బుడగలు కంటికి కనిపిస్తాయి. పిల్లర్‌లో ఏం కనిపిస్తుంది, మన మొహం? మనిషెత్తు రేకుల పెట్టె, లోపలంతా చీకటి. పైన వంగి నిలబడి గొట్టాన్ని లోపలికి దించినవాడికి చెయ్యే దిక్కు. గాలి ఉన్నంతసేపూ గొట్టం చేతిలో గడగడలాడుతుంది. గాలి పోయాక ఆ గడగడ సన్నబడి నిలకడకొస్తుంది. ఆ తేడా గురుస్వామి చేతికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని పేరు. అతను ఎడమ చెయ్యి పైకెత్తితే అయిపోయినట్టు. మేస్త్రి మారుమాట్లాడడు, మిల్లర్ దగ్గరివాళ్లు తర్వాతి పిల్లర్‌కి కదులుతారు. ఇరవై ఏళ్లుగా ఈ ప్రాంతంలో అదే చట్టం.

ఆ చేతికి ఈ మధ్య జబ్బు చేసింది. తెల్లవారి చలికి వేళ్లు సున్నంలో ముంచినట్టు తెల్లగా పాలిపోయేవి. చొక్కా గుండీ దొరికేది కాదు. భార్య సుబ్బరత్నమ్మ గుండీలు పెడుతూ, "పెళ్లికొడుక్కి అలంకారం అయింది, ఇంక పో" అని ఎగతాళి చేసేది. ఆమెకైనా, అతనికైనా అది జబ్బని తోచలేదు. ఈ పనిలో ఉన్నవాళ్లంతా దాన్ని సిమెంటు తిన్న చేతులంటారు. మేస్త్రి చేతులూ అంతే, తట్టలు మోసే ఆడవాళ్ల చేతులూ అంతే, పగుళ్లు, మొద్దుబారడం మామూలే. రాత్రి కొబ్బరినూనె రాసుకుని పడుకుంటే సరిపోతుందని అందరి నమ్మకం. పాడు నమ్మకం! తోలుని సిమెంటు తింటుంది నిజమే. లోపలి నరాలని ఏళ్ల తరబడి ఆ వణుకే తినేస్తుందని వాళ్లకి చెప్పిన నాథుడు లేడు. పొద్దెక్కితే వేళ్లకి రంగు తిరిగొస్తోంది కదా, రంగుతోపాటు స్పర్శా వస్తోంది అనుకున్నాడు గురుస్వామి.

అట్లాంటి చలికాలంలోనే త్రిపురాంతకం అవతల ఒక పల్లెకి నీళ్ల ట్యాంకు మంజూరైంది. అది సుబ్బరత్నమ్మ పుట్టిన ఊరు. అంటే గురుస్వామి ఆ ఊరి అల్లుడు. పని తీసుకున్నది బ్రహ్మానందం అనే మేస్త్రి. గురుస్వామి కుర్రతనం నుంచీ ఆయన దగ్గరే పని. ఊరివాళ్లు ఆయన్ని పట్టుకుని ఒకటే మాట అన్నారు: మా ట్యాంకుకి మా అల్లుడి చెయ్యే పడాలి. బోర్లలో నీళ్లు పాతాళానికి పోయి, ట్రాక్టర్ ట్యాంకర్ కోసం పొద్దంతా కాచుకునే ఊరది. పైపులైనులో నీళ్లొచ్చి నిండే ట్యాంకంటే వాళ్లకి దేవుడొచ్చినంత సంబరం.

పిల్లర్లు పోసే రోజు తెల్లవారకముందే ఊరు ఊరంతా పోగైంది. సుబ్బరత్నమ్మ అక్క వెంకటరత్నమ్మ సూదికి పసుపు రాసి, కుంకం పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. మరిది భుజాన కొత్త తువ్వాలు వేసింది. ఆమె ఇల్లు ట్యాంకు జాగాకి ఆనుకునే ఉంది. గొర్రెల దొడ్డి కూడా అక్కడే.

"మా మరిది చేతిలో ఏముందో కానీ, పట్టిందల్లా బండే" అంది అందరికీ వినపడేలా.

గురుస్వామి నవ్వాడు. కొత్త తువ్వాలు కింద అతని వేళ్లు అప్పటికే తెల్లగా ఉన్నాయి.

మొదటి పిల్లర్‌లోకి ముద్ద పడింది. సూది దించాడు. ఇంజను మోగుతోంది, గొట్టం ఊగుతోంది, కంటికి కనిపిస్తోంది. చేతికి మాత్రం ఏమీ తెలియడం లేదు. చేతిలో ఉన్నది తాడో, గొట్టమో, ఎవరిదో చెయ్యో! ఎంతసేపు ఉంచాడో, ఎంత లోతుకి దించాడో అతనికే అంతుపట్టలేదు. పైన నిలబడి చుట్టూ చూశాడు. ఊరు ఊరంతా తలెత్తి తనవైపే చూస్తోంది. ఒక్క మాట అనుంటే సరిపోయేది. "అన్నా, నా చెయ్యి పని చెయ్యడంలేదు, ఇంకొకరిని పిలువు" అనాలి, అంతే. మిల్లర్ తిరగడం మొదలయ్యాక పని ఆపితే కలిపిన ముద్దంతా పారబోయాలి. ఆపైన అత్తగారి ఊరు. కొత్త తువ్వాలు. ఎడమ చెయ్యి పైకెత్తాడు.

జనం చప్పట్లు కొట్టారు.

పొద్దెక్కింది, ఎండ వచ్చింది, వేళ్లకి ఎర్రదనం తిరిగొచ్చింది. అమ్మయ్య అనుకున్నాడు. నాలుగో పిల్లర్ దగ్గరికొచ్చేసరికి నడినెత్తిన సూర్యుడు, ఒళ్లంతా చెమట. గొట్టం గడగడలాడినట్టూ, ఆ తర్వాత సన్నబడినట్టూ స్పష్టంగా తోచింది. ఆరు పిల్లర్లూ సాయంత్రానికి అయిపోయాయి. ఊరివాళ్లు పొట్టేలు కోసి భోజనం పెట్టారు. అందరూ తిన్నారు, గురుస్వామికి ముద్ద దిగలేదు. మనసంతా ఆ మొదటి పిల్లర్ మీదే ఉంది.

రేకులు విప్పిన రోజు బస్సెక్కి మరీ వెళ్లి చూశాడు. మొదటి పిల్లర్ అద్దంలా ఉంది. ఆరూ అట్లాగే ఉన్నాయి. ఉండకేం? పోసేటప్పుడు బయట ఇద్దరు మనుషులు రేకుల్ని సుత్తులతో కొడుతూనే ఉంటారు. ఆ అదురుకి సిమెంటు పాలు రేకుల వైపుకి వచ్చి పైచర్మం నున్నగా తేలుతుంది. చర్మం సంగతే అది. లోపలి సంగతి కాదు. ఇది బ్రహ్మానందానికీ తెలుసు, గురుస్వామికీ తెలుసు.

బ్రహ్మానందాన్ని పక్కకి పిలిచి చెప్పాడు. "అన్నా, ఆ మొదటిదానికి నా చెయ్యి ఆడలా. చలికి మొద్దుబారిపోయింది. గాలి పోయిందో లేదో నాకు తెలీదు."

బ్రహ్మానందం ముందు నవ్వాడు. తర్వాత మొహం మాడ్చుకున్నాడు. "ఏంది గురుస్వామీ, ఇప్పుడా చెప్పేది? కూలగొట్టమంటావా? నీ చెయ్యి చూసే కదా ఇంజనీరమ్మ సరే అనింది. నిన్ను చూసే కదా నేను పక్క పనికి పోయినా." పక్కనే ఉన్న సుత్తి తీసి అతని చేతికిచ్చాడు. "సరే, కొట్టి నువ్వే చెప్పు. లోపల డొల్లగా ఉందా?"

గురుస్వామి కొట్టాడు. చెవి ఆనించి మళ్లీ కొట్టాడు. ఇరవై ఏళ్లు ఇంజను పక్కనే నిలబడ్డ చెవి అది, ఏ మోతయినా దానికి ఒకటే. సుత్తి తిరిగి అదిరిందో లేదో చెప్పాల్సిన చెయ్యి అసలు పలకదు. సుత్తి కింద పెట్టేశాడు.

"నాకేమో టంగుమని వినపడతాంది" అన్నాడు బ్రహ్మానందం. తర్వాత గొంతు తగ్గించాడు. "చూడబ్బా, నీకు తెలీదంటావు. బాలేదని కూడా చెప్పలేకున్నావు. ఊరికే భయం పెట్టుకోమాక. ఈ మాట బయటికి పోతే నిన్ను పనికి పిలిచేవాడు ఉండడు, నన్నూ ఉండడు."

అదీ నిజమే. చేత కాదని ఒప్పుకున్న చెయ్యి ఎవరికి కావాలి? గురుస్వామి నోరు మూసుకుని బస్సెక్కాడు. ఆ రోజునుంచి వైబ్రేటర్ ముట్టుకోలేదు. నడుం నొప్పి అని అబద్ధం చెప్పి ఇంటిపట్టున కూర్చున్నాడు.

పిల్లర్ల మీద ఇంకా పిల్లర్లు లేచాయి, వాటి మీద ట్యాంకు లేచింది. ప్లాస్టింగ్ అయింది, నీలం రంగు వేశారు. చుట్టూ చెట్టన్నది లేని ఆ జాగాలో ట్యాంకు నీడ చల్లగా పడుతుంటే వెంకటరత్నమ్మ తన గొర్రెల దొడ్డిని నేరుగా దాని కిందికే జరుపుకుంది. ఆడవాళ్లు పప్పు బాగుచేసుకోవడానికి, పిల్లలు ఆడుకోవడానికి అక్కడికే చేరేవాళ్లు. సుబ్బరత్నమ్మ ఊరికెళ్లి వచ్చి ఈ ముచ్చట్లన్నీ మురిసిపోతూ చెప్పింది. గురుస్వామి అన్నం ముందునుంచి లేచిపోయాడు. ఆమె గొడవ పెట్టుకుంది, ఏడ్చింది. చివరికి అతను నిజం కక్కాడు.

సుబ్బరత్నమ్మ కళ్లు తుడుచుకుంది. "రేపు నీళ్లు ఎక్కిస్తారంట" అంది. "మా అక్క పడుకునేది కూడా ఆ దొడ్డి కాడే."

మర్నాడు అతను ఊరు చేరేసరికే మోటరు నడుస్తోంది. ఉగాది ముందు ఎండ, నిప్పులు చెరుగుతోంది. పైన ట్యాంకులో నీళ్లు పడుతున్న చప్పుడు కిందికి బోలుగా వినిపిస్తోంది. ఊరంతా నీడలోనే ఉంది. గొర్రెలు మొదటి పిల్లర్‌ని ఒరుసుకుంటూ నిలబడ్డాయి. వెంకటరత్నమ్మ భర్త పెద్దయ్య మందలో సగాన్ని తోలుకుని అడవి వైపు పోయాడు, మిగతా సగమంతా ఇక్కడే.

"రా మరిదీ, రా! సమయానికొచ్చినావు" అంటూ వెంకటరత్నమ్మ పొయ్యి మీదనుంచి దించిన టీ స్టీలు గ్లాసులో పోసిచ్చింది. అందరూ గ్లాసుల అంచులు వేళ్ల కొసలతో పట్టుకుని ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటున్నారు.

"వదినా, నా మాట విను. దొడ్డి ఈడనుంచి తీసెయ్. మోటరు ఆపించు. ఆ మొదటి పిల్లర్ నేను సరిగ్గా పొయ్యలా."

"ఏంది మరిదీ, ఎగతాళా?"

"దేవుడి తోడు వదినా. ఆ రోజు నా చేతికి తెలీలా. మా మేస్త్రికి చెప్పినా, వినలా."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. గురుస్వామి లాంటివాడు తన పని తనే తక్కువ చేసుకోవడం వాళ్లకి వినయంలా తోచింది. ఒకాయన భుజం తట్టి, "అల్లుడికి దిష్టి తగిలింది, దిష్టి తియ్యండమ్మా" అన్నాడు. గురుస్వామి వాళ్లని బతిమాలుతూనే ఉన్నాడు. గ్లాసు పట్టుకున్న గుప్పిట విప్పలేదు. వెంకటరత్నమ్మ మాత్రం నవ్వడం ఆపేసింది. ఆమె చూపు అతని మొహం మీద లేదు.

"మరిదీ," అంది మెల్లగా, "గ్లాసు కాలడంలా?"

అతను కిందికి చూసుకున్నాడు. పొగలు కక్కుతున్న గ్లాసుని అరచెయ్యంతా ఆనించి బిగించి పట్టుకుని ఉన్నాడు. ఆమె గ్లాసు లాగి పారేసింది. అరచెయ్యి కందిపోయి, వేళ్ల మొదళ్లలో బొబ్బలు లేస్తున్నాయి. అతనికి ఏ నొప్పీ లేదు. అందరికంటే ఎక్కువగా అతనే ఆ చేతిని వింతగా చూశాడు. చలి పేరు చెప్పుకోవడానికి కూడా లేని ఎండది. అయినా ఆ మాట తనకి తను కూడా చెప్పుకోలేదు.

వెంకటరత్నమ్మ చరచరా వెళ్లి మోటరు ఆపేసింది. గొర్రెలు తోలే కర్ర పట్టుకుని స్టార్టర్ పెట్టెకి అడ్డం నిలబడింది. "ఇంజనీరమ్మ వచ్చిందాకా ఎవురన్నా దీని మీద చెయ్యేస్తే వీపు పగులుద్ది. పిల్లల్ని అవతలికి లాగండి ముందు!"

ట్యాంకు పని చూసే ఇంజనీరు అమూల్య సాయంత్రానికి వచ్చింది. చిన్నపిల్ల, ఉద్యోగంలో చేరి ఎక్కువ రోజులు కాలేదు. అతని చెయ్యి చూసింది, విన్నది. వెంటనే నీళ్లు వదిలెయ్యమంది. ఎక్కిన నీళ్లన్నీ వీధిలో కాలవ కట్టి పోతుంటే ఊరు గుండెలు బాదుకుంది. బిందెలు, బకెట్లు, చెంబులు, దొరికినదల్లా పట్టుకుని పరుగెత్తారు. పొద్దున భుజం తట్టిన ఆయనే ఇప్పుడు, "నీ నోట్లో మన్నుబడ! ఎక్కించిన నీళ్లు నేలపాలు చేసినావు గదరా" అని తిట్టాడు. గురుస్వామి ఆ తిట్లన్నీ నిలబడి పడ్డాడు.

రెండు రోజులకి అమూల్య ఒక పెట్టె తెచ్చింది. దానికి తీగలతో రెండు చిన్న డబ్బీల్లాంటివి ఉన్నాయి. వాటికి జిడ్డు పూసి పిల్లర్‌కి అటొకటి ఇటొకటి అదిమి పెడతారు. ఒకదాన్నుంచి మోతని పంపితే అది కాంక్రీటులోంచి పోయి రెండోదానికి చేరుతుంది. చెవికి వినపడని మోత అది. లోపల గట్టిగా ఉంటే చటుక్కున చేరుతుంది. గాలి ఉంటే దాన్ని చుట్టుకుని రావాలి, ఆలస్యమవుతుంది. గురుస్వామి నోరు వెళ్లబెట్టి చూశాడు. జీవితమంతా తను కాంక్రీటులోకి వణుకు పంపింది గాలిని తరమడానికి. ఈ అమ్మాయి పంపుతున్నది గాలి ఎక్కడుందో వెతకడానికి.

మొదటి పిల్లర్‌కి పెట్టింది. కింద పెట్టింది, నడుమ పెట్టింది, పైన పెట్టింది. తలూపింది. "బాగుంది. చాలా గట్టిగా ఉంది."

కబురు అందుకుని వచ్చిన బ్రహ్మానందం గట్టిగా ఊపిరి వదిలాడు. వెంకటరత్నమ్మ కళ్లనీళ్లు తుడుచుకుంటూ మరిది వీపు మీద ఒక్కటి చరిచింది. "చంపినావు గదయ్యా మమ్మల్ని! ఇంతసేపూ ఉత్త భయమేనా?" ఆ క్షణంలో గురుస్వామి అంత సుఖంగా ఉన్న మనిషి ఆ ఊళ్లో లేడు.

"ఎటూ తెచ్చాం కదా, అన్నీ చూసేద్దాం" అంది అమూల్య.

రెండు, మూడు బాగున్నాయి. నాలుగోదాని దగ్గర ఆమె డబ్బీలు తీసి, తుడిచి, మళ్లీ జిడ్డు పూసి పెట్టింది. ఇంకోచోట పెట్టింది. తర్వాత బొగ్గుతో గుండ్రంగా గీత గీసి, అక్కడ ఉలి పెట్టి కొట్టమంది. బ్రహ్మానందమే కొట్టాడు. నీలం రంగు రాలింది, ప్లాస్టింగ్ రాలింది, నున్నటి చర్మం పెచ్చు ఊడింది. ఆ తర్వాత ఉలి దెబ్బ అక్కర్లేకపోయింది. సిమెంటు అంటని కంకర గలగలా కిందికి రాలిపడింది. లోపల చీకటి బొరియ. ఇనప ఊచలు బోసిగా నిలబడి ఉన్నాయి. బ్రహ్మానందం చెయ్యి మోచేతిదాకా లోపలికి పోయింది. చెయ్యి బయటికి తీసి అక్కడే నేల మీద కూలబడ్డాడు.

"ఇది ఎప్పుడు పోశారు? ఇది కూడా చలిలోనేనా?" అనడిగింది అమూల్య.

గురుస్వామి దగ్గరికొచ్చి ఆ బొరియలోకి చూశాడు. నాలుగోది మిట్టమధ్యాహ్నం పోసింది. వేళ్లు ఎర్రగా ఉండగా, ఒళ్లంతా చెమటపట్టగా పోసింది. గొట్టం గడగడలాడి సన్నబడడం తెలిసిందనుకుని, నమ్మకంగా చెయ్యెత్తింది. అంటే ఆ రోజు చెయ్యి పలకలేదు. ఇన్నేళ్ల అలవాటే చెయ్యి రూపంలో పలికింది. మొదటి పిల్లర్ గట్టిపడడం ఉత్త అదృష్టం. మరి ఆ చెయ్యి చచ్చిపోయింది ఎప్పుడు? పోయిన చలికాలమా? అంతకుముందు ఎండాకాలమా? ఎండాకాలాల్లో అయితే అతనికి ఒక్క రోజు కూడా అనుమానం రాలేదు.

"ఇంకా ఎక్కడెక్కడ చేశారు మీరు?" అంది అమూల్య.

గురుస్వామి రోడ్డు మీదికి నడిచాడు. వదిన పిలుస్తున్నా వెనక్కి తిరగలేదు. మార్కాపురం బస్సు వస్తే ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. మార్కాపురం దగ్గరపడేకొద్దీ రోడ్డుకి రెండు వైపులా మేడలు మొదలయ్యాయి. ఇన్నాళ్లూ ఈ దారిన పోతుంటే ఇది నేను పోసిందే, అది నేను పోసిందే అని పక్కవాడికి చూపించి మురిసిపోయేవాడు. ఇప్పుడు ప్రతి మేడ కిందా మనుషులే కనిపిస్తున్నారు. ఒకచోట పెళ్లి భోజనాలు. ఒకచోట టైలరు మిషన్ల వరస. ఒక డాబా మీద నిండా నీళ్లున్న నల్లటి ట్యాంకులు.

"ఆపు! ఆపు నాయనా, దిగాల!" అని అరిచాడు.

అతను దిగింది ప్రభాకరరావు అనే బట్టల వ్యాపారి ఇంటి ముందు. కింద దుకాణం, పైన కాపురం. పోయిన ఎండాకాలం ఆ ఇంటి పిల్లర్లూ, రెండు స్లాబులూ గురుస్వామి చెయ్యే. దుకాణం జనంతో కిటకిటలాడుతోంది. పైన పిల్లలు పరుగెత్తుతుంటే దడదడమని చప్పుడు.

ప్రభాకరరావు అతన్ని చూడగానే గల్లా దగ్గరనుంచి లేచి ఎదురొచ్చాడు. "అరె, గురుస్వామీ! నూరేళ్ల ఆయుష్షు నీకు. ఇప్పుడే మా ఇంట్లోదానితో నీ మాటే అంటున్నా. పైన ఇంకో అంతస్తు లేపుదామని ఉందబ్బా. ఎవరెవరో వస్తామంటున్నారు కానీ, నేను ఒప్పుకోలా. దానికీ నీ చెయ్యే పడాల."

బొబ్బలెక్కిన చెయ్యి పట్టుకుని ఆప్యాయంగా ఊపుతున్నాడు. గురుస్వామికి ఆ పట్టు తెలియడం లేదు. తలెత్తి పైకప్పు వైపు చూశాడు. దడదడ పరుగు ఈ మూలనుంచి ఆ మూలకి పోయి, మళ్లీ వెనక్కి వచ్చింది.

"అయ్యా," అన్నాడు, "ముందు పిల్లల్ని కిందికి పిలవండి."